డెబియన్ చరిత్రము: ఉమ్మడి సొత్తు నిలిచిన విధము

మన గ్రామములలో చెఱువునకు యజమాని యెవరని క్రొత్తవాడు అడిగినయెడల, ఊరిదే యని పెద్దలు బదులు చెప్పుదురు. దానిని త్రవ్వించిన ప్రభువు పేరు శాసనమునందు ఉండవచ్చును. కాని వందల యేండ్లు దానిని నిలిపినవాడు ఆ ప్రభువు కాడు. కట్టకు గండిపడిన రాత్రి పాఱయు తట్టయు చేతబట్టి పోయినవారు నిలిపిరి. ఏటేట పూడిక తీసినవారు నిలిపిరి. తూముకడ కట్ట చెమ్మగిల్లుచున్నదని మొదట కనిపెట్టి, దానిని దాచక రచ్చబండయొద్ద చెప్పినవాడు నిలిపెను. ఈ చివరివాని పని చిన్నదిగా తోచును. కాని యాతడు నోరు మెదపకుండినచో తక్కినవారి పాఱలకు పనియే లేదు. తెల్లవాఱునప్పటికి చెఱువే లేదు.

నేడు నేను చెప్పబోవునది చెఱువు కథ కాదు. కంప్యూటరును నడపు ఒక యుమ్మడి సాధనముయొక్క చరిత్రము. దాని పేరు డెబియన్. 1993వ సంవత్సరమున నొక విద్యార్థి దానిని మొదలుపెట్టెను. దానిని ఏలు కంపెనీ లేదు; దానికి వెల లేదు. అయినను అది ముప్పదియేండ్లకు పైబడి నిలిచియున్నది. ఏ ధనికుడును కాపాడని సొత్తు ఇంతకాలము ఎట్లు నిలిచినది? పాతయింటినుండి ఈ యింటిలోనికి కాపురము మార్చువారు ఏమి తెలిసికొని రావలెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్కటే యని నా యభిప్రాయము. దానిని క్రమముగా మనవి చేసెదను.

కంప్యూటరునందు రెండు భాగములు కలవు. తెర, మీటలు, తీగెలు చేతికి తగులు భాగము. ఏ మీట నొక్కిన నేమి జరుగవలెనో నిర్ణయించు వ్రాత చేతికి తగులని భాగము. దానినే సాఫ్టువేరు అందురు. ఆ వ్రాతలలో మొదటిది ఆపరేటింగు సిస్టము. వెనుకటి దినములలో గ్రామమున ఏ భూమి లెక్క కావలసినను కరణముద్వారా జరిగినట్లు, యంత్రమునందు ఏ పని జరుగవలసినను ఈ సిస్టముద్వారానే జరుగవలెను. ఉత్తరము వ్రాయుట, కాగితము అచ్చువేయుట, దూరపుయంత్రముతో మాటలాడుట, ఇవియన్నియు దాని యనుమతితోనే సాగును.

ఈ వ్రాత తఱచుగా కంపెనీల సొత్తు. వెల యిచ్చి కొన్నవానికి వాడుకొను హక్కు మాత్రమే దక్కును. దానిని తెఱచి చదువు హక్కు లేదు. దిద్దుకొను హక్కు లేదు. పొరుగువానికి పంచు హక్కు లేదు. ఎంతకాలము మరమ్మతు చేయవలెనో కంపెనీయే నిర్ణయించును. మైక్రోసాఫ్టు కంపెనీవారు విండోసు 10 అను తమ సిస్టమునకు చేయుచుండిన సామాన్యసంరక్షణను 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించిరి. దాని తరువాతిదైన విండోసు 11 పాతయంత్రములు పెక్కింటిపై ఎక్కదు. అట్టి యంత్రము చెడిపోలేదు. తెర వెలుగుచునే యున్నది, మీటలు పలుకుచునే యున్నవి. ఐనను దానికి దిక్కు లేకపోయినది. పల్లెలలోని పాఠశాలలకును గ్రంథాలయములకును దానముగా వచ్చు యంత్రములు తఱచుగా ఇట్టివే. వానిని పాఱవేయుదమా, వేఱొక సిస్టమునకు మార్చుదమా యను ప్రశ్న ఇట్లు మనయింటి ప్రశ్నయైనది. కావుననే ఈ చరిత్రము మనము ఎఱుగదగినది.

కంపెనీల కట్టుబాటునకు ఎదురు నిలిచినవారిలో ముఖ్యుడు అమెరికాదేశపు రిచర్డ్ స్టాల్మన్. ఆయన మాసచూసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ప్రోగ్రాములు వ్రాయువాడు. 1983 సెప్టెంబరులో, గ్నూ అను పేర నొక స్వేచ్ఛా సిస్టమును నిర్మింపబూనితినని ప్రకటించెను. స్వేచ్ఛ యనగా వెల లేకుండుట కాదు. నడుపుకొనుట, చదివి దిద్దుకొనుట, ఉన్నదున్నట్లు పంచుట, దిద్దినదానిని పంచుట, ఈ నాలుగు హక్కులే ఆయన చెప్పిన స్వేచ్ఛ. 1989లో జి.పి.ఎల్. అను లైసెన్సును వెలువరించెను. ఈ వ్రాతను తీసికొని యితరులకు ఇచ్చువాడు తాను పొందిన హక్కులను వారికిని ఇచ్చి తీరవలెనని దాని సారము. కాలువనీరు వాడుకొన్నవాడు దిగువపొలమునకు నీరు కట్టివేయరాదని మన యూళ్ల కట్టుబాటు ఎట్టిదో, ఇదియు అట్టిదే.

గ్నూ నిర్మాణమున పెక్కు భాగములు సిద్ధమైనను, యంత్రముతో నేరుగా వ్యవహరించు గుండెకాయ కొఱతగా నుండెను. 1991 ఆగస్టులో ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ అట్టిదానిని వ్రాయుచున్నానని ప్రకటించెను. దానికే లినక్సు అని పేరు వచ్చినది. 1992లో ఆయన దానిని జి.పి.ఎల్. క్రిందికి తెచ్చెను. నేడు మీ మనుమల చేతులలోని ఆండ్రాయిడు ఫోనులలో కొట్టుకొనుచున్నదియు ఈ గుండెకాయయే.

కాని గుండెకాయ ఒక్కటియే మనుష్యుడు కాదు. వేలకొలది ముక్కలను ఒకచోట చేర్చి, ఒకదానితో నొకటి పొందించి, ఎవరైనను తమ యంత్రముపై ఎక్కించుకొనునట్లు కూర్చి ఇయ్యవలెను. అట్టి కూర్పునకు డిస్ట్రిబ్యూషను అని పేరు. మొదటి దినములలో వ్యాపించిన ఎస్.ఎల్.ఎస్. అను కూర్పునందు దోషములు మెండుగా నుండెను. అమెరికాలో ఇండియానా రాష్ట్రమున పర్డ్యూ విశ్వవిద్యాలయమున చదువుచుండిన ఇయన్ మర్డాక్ అను ఇరువదియేండ్ల యువకుడు దానితో విసిగి, 1993 ఆగస్టు 16వ తేదీన తానొక క్రొత్తకూర్పును చేయుచున్నానని ప్రకటించెను. తన స్నేహితురాలైన డెబ్రా పేరును తన పేరును కలిపి దానికి డెబియన్ అని నామకరణము చేసెను.

మర్డాక్ ఆలోచనలోని విశేషము కూర్పు కాదు, కూర్చు విధానము. ఒక్కడు గదిలో కూర్చుండి కూర్చి లోకమునకు ఇచ్చుట కాక, పెక్కురు బహిరంగముగా పంచుకొని చేయవలెనని ఆయన తలచెను. సాఫ్టువేరులో ఒక్కొక్క ముక్కను ప్యాకేజి అందురు. ప్రతి ప్యాకేజికిని ఒక సంరక్షకుడు ఉండవలెను. ఆ ముక్క చెడిన యెడల జవాబుదారి యాతడే. అతడు వేఱొక ఖండమున నుండవచ్చును. తక్కినవారు ఆతని ముఖము చూచియే యుండకపోవచ్చును. పనియే ఆతని ముఖము. ఇందులకు ఒక నిదర్శనము చెప్పెదను. జోయెల్ క్లెకర్ అను సంరక్షకుడు 2000 జూలైలో 21వ యేట మరణించెను. కండరములు క్షీణించు వ్యాధిచే ఆతడు మంచముపైనుండియే డెబియన్ పని చేయుచుండెనని ఆతనితో పనిచేసినవారిలో చాలమంది ఎఱుగరు. మఱుమాసమున వెలువడిన 2.2 కూర్పును ఆతని స్మృతికి అంకితము చేసిరి.

1994లో ఇయన్ జాక్సన్ అను నాతడు రెండు ముఖ్యసాధనములను సమకూర్చెను. ఒకటి ప్యాకేజీలను ఎక్కించుటకును దించుటకును ఉపకరించు సాధనము. రెండవది దోషముల ఖాతా. ప్రోగ్రాములోని దోషమును ఇంగ్లీషువారు బగ్గు, అనగా పురుగు అందురు. ఎవనికి ఏ పురుగు కనబడినను ఈమెయిలు ఉత్తరము వ్రాయవచ్చును. దానికి ఒక సంఖ్య పడును. సంరక్షకునికి ఉత్తరము పోవును. ఆతడు చెప్పిన జవాబు, ఇతరులు చేసిన సూచన, చివరకు కుదిరిన మరమ్మతు, అన్నియు ఆ సంఖ్యక్రింద చేరును. ఇంతవఱకు విశేషము లేదు. కంపెనీలకును ఇట్టి ఖాతాలు కలవు. విశేషమేమనగా, డెబియన్ ఖాతా లోకమునకంతకును తెఱచియుండును. తలారియైనను తహసీలుదారైనను ఒకే పుట చదువవచ్చును.

తొలిదినములలోనే ఒక చిక్కు కలిగెను. 1995 డిసెంబరులో సి.డి.లు అమ్ము వర్తకుడొకడు ఇంకను సిద్ధముకాని కూర్పును తీసికొని, దానిపై 1.0 అని ముద్రించి అమ్మెను. కొన్నవారి యంత్రములు సరిగా నడువలేదు. డెబియన్ వారు ఆ సంఖ్యను వాడుటయే మానివేసి, 1996 జూను 17వ తేదీన తమ మొదటి స్థిరమైన కూర్పును 1.1 అను సంఖ్యతో విడుదల చేసిరి. అందు 474 ప్యాకేజీలు ఉండెను. 2025 ఆగస్టు 9వ తేదీన వెలువడిన 13వ కూర్పులో 69,830 ఉన్నవి. సిద్ధమైనప్పుడే విడుదల, తొందర పనికిరాదు అను నియమము వారియందు నాటుకొన్నది.

ఆ నియమమును అమలుపఱచుటకు వారు మూడు మెట్లు ఏర్పఱచుకొనిరి. కళ్లములోని ధాన్యము తూర్పారబట్టక గాదెకు చేరదు కదా. అట్లే క్రొత్త ప్యాకేజి మొదట అస్థిరమను మెట్టునకు వచ్చును. అచ్చట కొన్నాళ్లు నిలిచి పెద్దదోషము బయటపడనిచో పరీక్ష అను మెట్టునకు పోవును. రెండేండ్లకు ఇంచుమించుగా ఒకసారి పరీక్షామెట్టును స్తంభింపజేసి, అందలి భారీదోషములను తీర్చి, స్థిరకూర్పుగా విడుదల చేయుదురు. కూర్పులకు టాయ్ స్టోరీ యను బొమ్మల చలనచిత్రములోని పాత్రల పేర్లు పెట్టుట ఆచారము. మర్డాక్ తరువాత నాయకుడైన బ్రూస్ పెరెన్స్ ఆ చిత్రమును తీసిన పిక్సార్ సంస్థలో ఉద్యోగియగుట దీనికి కారణము. అస్థిరపు మెట్టునకు ఎల్లప్పుడును సిడ్ అనియే పేరు. ఆ కథలో బొమ్మలను విఱుగగొట్టు పొరుగింటి పిల్లవాడు సిడ్. క్రొత్తగా కాపురము వచ్చువారు సిడ్ ఇంటికి పోక స్థిరకూర్పునకే రావలెనని వేఱుగా చెప్పనక్కఱలేదు.

1997 జూలైలో డెబియన్ వారు సామాజికపు ఒడంబడిక యను పత్రమును అంగీకరించిరి. కూర్పు ఎల్లప్పుడును స్వేచ్ఛగా నుండుననియు, తాము దిద్దినదానిని మూలరచయితలకు తిరిగి యిత్తుమనియు, వాడుకొనువారి మేలునే ముఖ్యముగా చూతుమనియు అందు వ్రాసికొనిరి. దోషములను దాచము, ఖాతాను ఎల్లప్పుడును తెఱచియుంతుము అనునది అందొక షరతు. 1998 డిసెంబరులో ఒక రాజ్యాంగమును చేసికొనిరి. పనిచేసి నిరూపించుకొన్న సభ్యులకు ఓటు కలదు. నాయకుని ఏటేట ఎన్నుకొందురు. నాయకుడు ఆజ్ఞాపింపజాలడు, ఒప్పింపవలసినవాడే. ఇట్టి వ్యవస్థ నెమ్మదిగా నడచునని ఆక్షేపించువారు కలరు. ఆ యాక్షేపణ నిజమే. కాని ఆ నెమ్మదియే కూర్పును ఎవడును ఒక్కరాత్రిలో అమ్ముకొనలేని స్థితికి తెచ్చినది.

దోషము దాచము అని వ్రాసికొనుట సులభము. అది నిజముగా పరీక్షకు నిలిచిన దినము 2008 మే 13. ఆ వృత్తాంతము కొంచెము విపులముగా చెప్పవలసియున్నది.

దూరపుయంత్రములతో రహస్యముగా మాటలాడుటకు తాళపుచెవులవంటి సంఖ్యలు కావలెను. ఎవరికిని ఊహకందని సంఖ్యనుండి పుట్టినప్పుడే ఆ చెవికి విలువ. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను ప్యాకేజి ఈ పని చేయును. 2006లో దాని డెబియన్ సంరక్షకుడు అందలి రెండు పంక్తులను తొలగించెను. దోషములు వెదకు ఒక పరీక్షాసాధనము ఆ పంక్తులను తప్పుపట్టుచుండెను. తొలగించుటకు ముందు ఆతడు ఆ ప్రోగ్రాము రచయితల చర్చావేదికలో విచారించెను. గట్టిగా వలదన్నవారు లేరు. కాని ఆ పంక్తులలో నొకటియే ఊహకందని సంఖ్యను పుట్టించుటకు ఆధారము. అది పోవుటచే, ఒక విధమైన చెవులను ఎన్ని చేసినను, అవి సుమారు 32,000 చెవులలో ఏదో యొకటియే యగుచుండెను. దొంగ ఆ గుత్తి నంతటిని చేయించుకొని ఒక్కొక్కటిగా త్రిప్పి చూచుటకు ఎంతోకాలము పట్టదు. డెబియన్‌ను ఆధారముగా చేసికొన్న ఉబుంటు మొదలగు కూర్పులకును ఈ గండి సంక్రమించెను.

ఇరువది మాసములు ఎవరును దీనిని చూడలేదు. మూలగ్రంథము తెఱచియే యుండెను. మార్పును కనబడుచునే యుండెను. కనుక తలుపు తెఱచియుంచినంత మాత్రమున దోషము దానంతట బయటికి రాదని ఈ కథ మనకు నేర్పుచున్నది. చూచువాడు కావలెను. చివరకు డెబియన్ సభ్యుడే యైన లూచియానో బెల్లో అను నాతడు దీనిని కనిపెట్టెను. అప్పుడు డెబియన్ వారు చేసినదేమి? మే 13వ తేదీన లోకమునకు ప్రకటించిరి. దోషము తమ మార్పువలననే కలిగినదనియు, 2006 సెప్టెంబరునుండి తమ యంత్రములపై చేసిన చెవులన్నిటిని పాఱవేసి క్రొత్తవి చేసికొనవలెననియు చాటిరి. బలహీనమైన చెవులను గుర్తించు సాధనమును వెంటనే యిచ్చిరి. ప్రపంచమున లెక్కలేనంతమంది నిర్వాహకులకు ఆ వారము నిద్ర లేకపోయెను. పరిహాసములును నిందలును వచ్చెను. కాని చెవులు మాఱెను, గండి పూడెను. చెమ్మను కనిపెట్టినవాడు రచ్చబండకు వచ్చి చెప్పుట అనగా ఇదియే.

దీనికి సరిపోల్చి చూడదగిన మఱియొక చరిత్రము సెంటోసు అను కూర్పుది. రెడ్ హ్యాట్ అను అమెరికా కంపెనీవారు వెలకు విక్రయించు లినక్సు కూర్పుయొక్క మూలగ్రంథమును తీసికొని, దానితో సమానమైనదానిని వెల లేకుండ ఇచ్చుటకు 2004లో స్వచ్ఛందసేవకులు సెంటోసును నెలకొల్పిరి. అది మిక్కిలి వ్యాపించెను. 2014లో ఆ కార్యము రెడ్ హ్యాట్ నీడలోనికే పోయెను. జీతములు వచ్చెను, వసతులు వచ్చెను, అందఱును సంతోషించిరి. 2029 వఱకు సంరక్షణ యుండునని సెంటోసు 8ని నమ్మి జనులు దానికి మాఱిరి. 2020 డిసెంబరు 8వ తేదీన కంపెనీవారు ఆ గడువును 2021 డిసెంబరు 31కి కుదించిరి. ఏడాది తిరుగునప్పటికి అందఱును ఇల్లు వెదకికొనవలసివచ్చెను.

అప్పుడు సెంటోసు స్థాపకులలో నొకడైన గ్రెగరీ కర్ట్సర్ రాకీ లినక్సు అను కార్యమును ఆరంభించెను. మఱియొకవైపున ఆల్మా లినక్సు 2021 మార్చిలో వెలువడెను. రాకీ ఆ జూనులో వెలువడెను. పాతకూర్పు ఉన్నచోటనే, యంత్రమును తుడిచివేయక, క్రొత్తకూర్పుగా మార్చు సాధనములను ఇరువురును సిద్ధపఱచిరి. మూలగ్రంథము స్వేచ్ఛగా నుండుటచేతనే ఇంత త్వరగా మఱియొక యిల్లు లేచినది. కాని మొదట ఇల్లు పోవుటకు కారణమేమి? నీరు ఉమ్మడిదే, తూముమీట మాత్రము ఒక్కని చేతిలో నుండెను. ఉమ్మడి యను మాట విన్నంతనే తృప్తిపడక, మీట ఎవనియొద్ద నున్నదని పెద్దలు అడుగవలసియున్నది.

ఇక కాపురము మార్చినవారి మాట. 2013లో భూమిచుట్టు తిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్షకేంద్రములో పనులకు వాడు లాప్టాపులను విండోసు ఎక్స్.పి. నుండి డెబియన్ 6కు మార్చిరి. సిస్టము స్థిరముగా నుండవలెను, అవసరమైనచో తామే దిద్దుకొనవలెను అనునవి వారు చెప్పిన కారణములు. మార్పుతోబాటు తమ సిబ్బందికి లినక్సు శిక్షణ యిప్పించిరి. యంత్రముతోబాటు మనుష్యుడును మాఱవలెనని వారు ఎఱిగియుండిరి.

జర్మనీదేశపు మ్యూనిక్ నగరము కథ వేఱు. నగరసభ 2003లో విండోసును విడిచి లినక్సునకు పోవ నిర్ణయించెను. మొదట డెబియన్ ఆధారముగాను, తరువాత ఉబుంటు ఆధారముగాను లిమక్సు అను సొంతకూర్పును చేసికొనిరి. 2013 నాటికి సుమారు 15,000 యంత్రములు మాఱెను. ఐనను బయటినుండి వచ్చు పత్రములు చెదరి కనబడుచున్నవని ఉద్యోగులు మొఱపెట్టుచుండిరి. నగరపు కంప్యూటరు సేవ పెక్కు శాఖలక్రింద చీలియుండుటచే మొఱను విని తీర్చువాడు ఎవడో తెలియకుండెను. 2014లో నగరాధ్యక్షుడు మాఱెను. 2017లో నగరసభ విండోసునకే మరలిపోవ తీర్మానించెను. పదియేండ్ల శ్రమ వెనుదిరిగినది. అందు రాజకీయమును కలదు, కాదనను. కాని చెమ్మను చూచినవాడు చెప్పుటకు ఒక రచ్చబండయు, చెప్పినది వినుటకు ఒక పెద్దయు లేనిచోట ఎంత మంచి కట్టయు నిలువదు.

కాపురము మార్చువారికి తఱచుగా కలుగు కష్టమును ఒకదానిని చెప్పెదను. దానియందు చరిత్రమును కలదు. డెబియన్ ఎక్కించిన పిదప తెర వెలుగును, మీటలు పలుకును, కాని వైఫై పనిచేయదు. వైఫై కార్డునకు దానిలోపల నడచు ఒక చిన్నవ్రాత కావలెను. దానిని ఫర్మువేరు అందురు. కార్డు చేయువారు దాని మూలగ్రంథమును సాధారణముగా బయటపెట్టరు. స్వేచ్ఛ లేనిదానిని కూర్పులో చేర్చము అను నియమముచే డెబియన్ వారు దానిని తమ ఎక్కింపుసాధనమునందు ఉంచలేదు. నియమము మంచిదే, కాని వైఫై లేనిదే ఫర్మువేరు తెచ్చుకొనలేడు, ఫర్మువేరు లేనిదే వైఫై రాదు. క్రొత్తవాడు గడపయొద్దనే నిలిచిపోవుచుండెను. ఈ మొఱలు ఖాతాలో ఏండ్లకొలది పేరుకొనెను. 2022లో డెబియన్ సభ్యులు దీనిపై ఓటు వేసిరి. ఫర్మువేరును ఎక్కింపుసాధనమున చేర్పవచ్చునని నిర్ణయించి, ఆ మేరకు తమ సామాజికపు ఒడంబడికనే సవరించుకొనిరి. 2023 జూనులో వెలువడిన 12వ కూర్పునుండి ఆ కష్టము చాలవఱకు తీఱినది. సామాన్యుల మొఱలు చేరి చేరి ఒక సంఘముయొక్క మూలపత్రమునే మార్చినవి. కంపెనీయింటిలో కాపురమున్నవాడు ఇట్టిది చూడబోడు.

మీ యూరి పాఠశాలలోనో గ్రంథాలయములోనో పాతయంత్రమును మార్చదలచిన పిల్లలకు నేను చెప్పు క్రమము ఇది. మొదట యంత్రములోని పత్రములన్నిటిని వేఱొకచోట నకలు చేసి దాచవలెను. ఇల్లు మార్చునప్పుడు దస్తావేజుల పెట్టెను ముందుగా భద్రపఱచుకొందుము గదా. రెండవది, లైవ్ అను రూపమున డెబియన్‌ను ఒక పెన్ డ్రైవుపై నుంచి, యంత్రములో దేనిని చెఱపకుండ దానినుండియే నడపి చూడవలెను. శబ్దము, వైఫై, అచ్చుయంత్రము పలుకుచున్నవో లేదో అచ్చటనే తేలును. మూడవది, స్థిరకూర్పునే ఎక్కింపవలెను. నాలుగవది, ఎక్కించిన పిదప ప్యాకేజీలను డెబియన్ గాదెనుండియే తెచ్చుకొనవలెను. వేర్వేఱు కూర్పుల ముక్కలను కలిపి కుట్టుటవలన కలుగు చిక్కులే అధికము. ఐదవది, తెలుగు అక్షరములు డబ్బాలుగా కనబడినయెడల భయపడక, తెలుగు ఫాంట్ల ప్యాకేజిని ఎక్కించినచో సరిపోవును.

పని చెడినప్పుడు చేయవలసినది వేఱు. లినక్సు తనకు కలిగిన ప్రతి కష్టమును తన దినచర్యలో వ్రాసికొనుచుండును. దానిని లాగు అందురు. వైద్యుడు నాడి చూచినట్లు మొదట దానిని చూడవలెను. ఏ ఫైలు దొరకలేదో, ఏ భాగము మొఱాయించినదో పేరుతో సహా అందు ఉండును. ఆ పంక్తిని ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెను. పిదప దోషఖాతాలో అట్టిది ఇంతకుముందు ఎవరైనను వ్రాసిరేమో వెదకవలెను. మందు తఱచుగా అచ్చటనే దొరకును. దొరకనియెడల తానే వ్రాయవలెను. కంప్యూటరు పనిచేయలేదు అని వ్రాసిన నుపయోగము లేదు. నాది ఈ యంత్రము, ఈ కూర్పు, నేను ఇది చేసితిని, ఇది కావలసియుండగా ఇది యైనది అని క్రమముగా వ్రాయవలెను. సాక్ష్యము చెప్పువాడు చూచినదే చెప్పవలెను, ఊహించినది కాదు. జవాబు ఇచ్చువాడు జీతగాడు కాడు. తన తీఱికను మనకు ఇచ్చువాడు. కనుక మర్యాదగా అడుగవలెను. మందు కుదిరినప్పుడు కుదిరినదని వ్రాయవలెను. తరువాత వచ్చువానికి ఆ ఒక్కపంక్తియే దీపము.

ఈ కార్యము మనకు అంటనిది కాదు. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ 2005లో తెలుగున నడచు లినక్సు కూర్పును వెలువరించెను. డెబియన్ ఎక్కింపుసాధనములో ఎన్నుకొనదగిన భాషలలో తెలుగును కలదు. ఆ మాటలను తెలుగు చేసినవారు స్వచ్ఛందసేవకులే. డెబియన్ వారి వార్షికసమ్మేళనము 2023 సెప్టెంబరులో కేరళ రాష్ట్రములో, కొచ్చి నగరమున జరిగెను. తెరపై తప్పుగా పడిన ఒక తెలుగుమాటను కనిపెట్టి ఖాతాలో వ్రాయుటకు ఇంజనీరు కానక్కఱలేదు. తెలుగు బాగుగా ఎఱిగిన పెద్దలే దానికి తగినవారు.

మర్డాక్ 2015 డిసెంబరు 28వ తేదీన, 42వ యేట మరణించెను. ఆయన నాయకత్వమును విడిచి అప్పటికి దాదాపు ఇరువదియేండ్లు. 2017లో వెలువడిన 9వ కూర్పును ఆయనకు అంకితము చేసిరి. స్థాపకుడు పోయినను పని ఒక్కదినము ఆగలేదు. ఏలయనగా అది అప్పటికే స్థాపకునిది కాదు, ఊరిది.

డెబియన్‌లో దోషములు లేవని నేను చెప్పను. దాని దోషఖాతాలో సంఖ్యలు పది లక్షలు దాటినవి. అన్ని గండ్లు చూపబడినవి, అన్నిటిపై ఎవడో యొకడు సంతకము చేసినాడు. పురుగు లేని సాధనము కావలెనని వెదకువానికి లోకమున ఏ సాధనమును దొరకదు. పురుగును దాచని సంఘము కావలెనన్నచో దొరకును. అందులోనికి కాపురము వచ్చువాడు అతిథిగా వచ్చి విస్తరికడ కూర్చున్నచో చాలదు. కట్టపై నొకసారి నడచి, చెమ్మ కనబడినచో చెప్పవలెను. ఆ యొక్కపని చేయువాడు మొదటిదినముననే ఆ యింటివాడగును.